బెర్నిస్ అనే తీగ

టోర్న్‌బీ, మిన్నెసోటా
అక్టోబరు 17, 1993

చెల్లి సొల్వేకి,

చక్కెర దుంపల లారీలు పొద్దుటి నుంచి మన ఇంటి ముందు నుంచే పోతున్నాయి. రోడ్డంతా బురద. ఆ బురద షెడ్డులోకి రాకుండా తలుపు కింద గోనెపట్టా కుక్కి కూర్చుని రాస్తున్నాను. నా వెనకాల విమానం దుప్పటి కప్పుకుని పడుకుంది. రెక్కలు ఎక్కించాను, గుడ్డ బిగించాను, రంగు వేశాను. పదకొండేళ్లు పట్టింది. పెళ్లి చేసుకుని ఉంటే ఈపాటికి పిల్లలు బడికి పోయేవాళ్లని మన వెర్లిన్ ఏడిపిస్తుంటాడు. పొలాలకు మందు చల్లే విమానం నడిపి నడిపి వాడి నోరు కూడా మందు వాసనే కొడుతుంది, పట్టించుకోను.

ఇక మిగిలింది తీగల పని. నలభై ఏళ్లు ట్రాక్టర్లు బాగుచేశాను. కంటికి కనబడే నట్టయితే ఎంత తుప్పు పట్టినా తిప్పగలను. కరెంటు కనబడదు. నువ్వు ఇరవై ఎనిమిదేళ్లు విమానాశ్రయంలో రేడియోలు బాగుచేసే షాపులో పనిచేసినదానివి. ఎలా చేయాలో ఉత్తరాల్లో చెప్పు, అక్షరం తప్పకుండా చేస్తాను. అంకెలేస్తే నాకు గందరగోళం. అందుకే ప్రతి తీగకీ ఊళ్లోవాళ్ల పేరు రాసి చీటీ అంటించాను. రేడియో నుంచి చెవులకు మాట మోసుకొచ్చే తీగ పోస్టాఫీసు బెర్నిస్. ఎందుకో నీకు చెప్పనక్కర్లేదు. మైకు తీగలు రెండూ మెలిపెట్టుకుని పోవాలట కదా, అవి హెగ్‌లండ్ కవలలు. దీపం తీగ పాస్టరు గారు.

నాకు అరవై నాలుగు నిండాయి. మే నెలలో విమానం నడిపే పత్రం కోసం వైద్య పరీక్ష ఉంది. అది అయ్యాక, వచ్చే దుంపల కోతలోపు ఒక్కసారి దీనిమీద నది దాటి రావాలి. వచ్చే ఏడు కాకపోతే ఇక ఎప్పటికీ కాదనిపిస్తోంది. నీకు తప్ప ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

ఫోన్ చేయకు. షెడ్డులో ఫోన్ లేదు, నేను ఇంట్లోకి పరుగెత్తేసరికి ఆగిపోతుంది. ఉత్తరమే రాయి.

నీ అన్న,
ఆర్విడ్

*

అస్టోరియా, ఆరెగన్
నవంబరు 3, 1993

అన్నయ్యా,

ఇక్కడ మూడు రోజులుగా మంచు దిగి సముద్రం కనబడడం లేదు. ఓడల కూతలు మాత్రం వినబడుతున్నాయి. మా ఆయన లీలండ్ ఉన్నప్పుడు ఏ కూత ఏ ఓడదో చెప్పేవాడు. ఆయన పోయి రెండేళ్లయింది, ఇప్పుడు అన్నీ ఒకేలా ఉన్నాయి.

నీ చీటీల పద్ధతి మా షాపులో ఎవరైనా చేసి ఉంటే ఆ రోజే ఇంటికి పంపేసేవాళ్లు. సరే, నీ విమానం, నీ ఊరు. కానీ మూడు విషయాలు చెవిన వేసుకో. ఇనప గొట్టాల చట్రం ఉంది కదా అని ఎక్కడి తీగను అక్కడే చట్రానికి కట్టేయకు. ఒక్క ఇత్తడి బోల్టు పెట్టు, తిరిగొచ్చే తీగలన్నీ దానికే రావాలి. ఊరంతా ఒకే చర్చికి పోయినట్టు అనుకో. బెర్నిస్‌కి పైన అల్లిక తొడుగు ఉంటుంది, దాన్ని ఒక కొసనే కట్టు. రెండు కొసలూ కట్టావంటే ఊళ్లో చెత్తంతా మోసుకొస్తుంది. ఆ గుణం ఆవిడకు ముందే ఉంది. ఇక దిక్సూచి. దాన్ని బిగించే మరలు ఇనపవి కాకూడదు. నీ జేబులో ఎప్పుడూ ఉండే ఆ అయస్కాంతం ముక్క ఉందే, కిందపడ్డ నట్లు ఏరుకునేది, దానితో గడియారాలు బిగించిన పలక దరిదాపులకు పోకు. నువ్వు పోతావని నాకు తెలుసు.

ఆదివారం నాలుగింటి నుంచి ఎనిమిదిసార్లు ఫోన్ చేశాను. ఆదివారం కూడా షెడ్డులోనే ఉంటున్నావా, లేక ఎవరినైనా చూసుకున్నావా? చూసుకుంటే పేరు చెప్పు, తీగకి పెడదాం.

నీ సొల్వే

*

టోర్న్‌బీ
డిసెంబరు 5, 1993

చెల్లీ,

ఎవరినీ చూసుకోలేదు. ముందు ఆ సంగతి రాస్తే గానీ నువ్వు మిగతాది చదవవు.

మొన్న మంచు తుఫాను వచ్చి రెండు రోజులు షెడ్డులోనే చిక్కుకుపోయాను. నూనె పొయ్యి ఉంది, కాఫీ ఉంది, బెర్నిస్ ఇచ్చిన లెఫ్సె రొట్టెలు ఉన్నాయి. నువ్వు చెప్పినట్టు ఎత్తు చూపే గడియారం పరీక్ష చేశాను. గాలి గొట్టానికి పిచికారీ తగిలించి నెమ్మదిగా, చాలా నెమ్మదిగా లాగాను. ముల్లు కదిలింది. వంద, రెండొందలు, ఐదొందలు. వెయ్యి అడుగులు ఎక్కించి గొట్టం నొక్కిపెట్టి నిమిషం చూడమన్నావు. కూర్చుని చూశాను. బయట తెల్లగా ఏమీ కనబడడం లేదు, రేకుల మీద మంచు రాలుతోంది, గడియారం వెయ్యి అడుగుల పైన ఉన్నానంటోంది. కళ్లు మూసుకున్నాను. కింద మన దుంపల పొలం, నువ్వూ నేనూ మట్టిలో వెల్లకిలా పడుకుని మందు చల్లే విమానం కోసం చూస్తున్నాం. నీకు ఎనిమిదేళ్లు, నీ జడకు మట్టి అంటింది. పైనుంచి మనిద్దరం అచ్చం అలాగే కనబడ్డాం. కళ్లు తెరిస్తే నిమిషం కాదు, అరగంట అయింది. ముల్లు ముప్పై అడుగులే దిగింది. చిల్లు లేదన్నమాటే కదా?

అయస్కాంతం ముక్క తీసి గోడకు తగిలించాను. నీకెలా తెలిసిందో నాకు తెలియదు.

ఒక్కటే ఇబ్బంది. బెర్నిస్ ఈల వేస్తోంది. ఇంజన్ నడిపి చెవులకు తగిలించుకుంటే సన్నగా, ఆగకుండా ఒకటే ఈల. దాని కింద మాటలు మునిగిపోతున్నాయి. ఇది పోతే గానీ ఎగరలేను. ఏం చేయాలి?

ఆర్విడ్

*

అస్టోరియా
డిసెంబరు 18, 1993

అన్నయ్యా,

వేళ్ల కీళ్లు పట్టేశాయి, పెన్ను పట్టుకోలేకపోతున్నాను. అందుకే క్యాసెట్ పంపుతున్నాను. ఈల సంగతి మొదట్లోనే చెప్పాను. తర్వాత వేరే మాటలు చెప్పాను. చివరిదాకా విను. చివరన ఒకటి అడిగాను, తీరిగ్గా ఆలోచించుకుని జవాబు రాయి. క్రిస్మస్ శుభాకాంక్షలు.

సొల్వే

*

టోర్న్‌బీ
జనవరి 2, 1994

చెల్లీ,

క్యాసెట్ చేరింది. రెండుసార్లు పెట్టుకున్నాను. నీ గొంతు ఏమీ మారలేదు, చివర్లో నువ్వు పాడిన పాట చాలా బాగుంది, అమ్మ గుర్తొచ్చింది.

ఈల అలాగే ఉంది. ఆ సంగతి మాత్రం ఇంకొకసారి కాగితం మీద రాసి పంపు, పని చేస్తున్నప్పుడు ఎదురుగా పెట్టుకోవచ్చు. ఇక్కడ చలి సున్నాకి ముప్పై డిగ్రీల కింద. కొత్త సంవత్సరం నీకు మంచి జరగాలి.

ఆర్విడ్

*

అస్టోరియా
జనవరి 20, 1994

ఆర్విడ్‌కి,

ఇంజన్ వేగంతో పాటు ఈల పెరిగితే అది జనరేటర్ నుంచి వస్తున్నట్టు. పెరగకపోతే కాదు. రేడియోకి కరెంటు ఇచ్చే తీగ మీద వడపోత డబ్బా పెట్టాలి. బెర్నిస్ తొడుగు రెండో కొస ఎక్కడైనా చట్రానికి తగులుతోందేమో చూడాలి. ఇత్తడి బోల్టు కింద రంగు గీకి లోహం బయటపడిందో లేదో చూడాలి. దీపం స్విచ్చి, పంపు స్విచ్చి ఒక్కొక్కటీ ఆపి ఏది ఆపితే ఈల ఆగుతుందో రాసుకోవాలి.

క్యాసెట్‌లో అడిగినదానికి నీ జవాబు అర్థమైంది. ఇక ఆ మాట ఎత్తను.

సొల్వే మార్చ్‌బ్యాంక్

*

టోర్న్‌బీ
ఫిబ్రవరి 13, 1994

చెల్లీ,

నీ ఉత్తరం ట్రాక్టరు కంపెనీవాళ్లు పంపే పుస్తకంలా ఉంది. ఇంటిపేరుతో సంతకం పెట్టావు. నేనేం చేశాను?

నువ్వు చెప్పినవన్నీ చేశాను. వడపోత డబ్బా పెట్టాను. బెర్నిస్‌ని మొత్తం ఊడదీసి కొత్త తీగ వేశాను, పాత చీటీయే అంటించాను. బోల్టు కింద అద్దంలా గీకాను. పాస్టరు గారిని ఆపాను, కవలల్ని విడదీశాను, మళ్లీ కలిపాను. తల ప్రాణం తోకకొచ్చింది. ఈల అంతే ఉంది. ఇంజన్ వేగం పెంచినా అంతే, తగ్గించినా అంతే. మొన్న విసుగొచ్చి ఇంజన్ ఆపి బ్యాటరీ తీగ కూడా పీకేశాను, అయినా పోలేదు. ఎక్కడో కరెంటు మిగిలిపోయి ఉంటుంది. ఎక్కడ మిగులుతుందో నువ్వే చెప్పాలి. మే నెల దగ్గరపడుతోంది.

వెర్లిన్ వచ్చి, "ఏరా, ఒకసారి నన్ను కూర్చోనివ్వు, నేను విని చెప్తా" అన్నాడు. వద్దన్నాను. వాడి బూట్లు మురికి.

ఆర్విడ్

*

అస్టోరియా
మార్చి 1, 1994

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివాను. తర్వాత మళ్లీ చదివాను.

బ్యాటరీ లేని రేడియో ఈల వేయదు. కరెంటు ఎక్కడా మిగలదు. ఇరవై ఎనిమిదేళ్లలో అలాంటి రేడియో ఒక్కటి కూడా నా బల్ల మీదకు రాలేదు.

ఇంకో మాట. క్యాసెట్‌లో నేను పాడలేదు. నలభై నిమిషాలు మాట్లాడాను, అంతే.

ఒక పని చెయ్యి. వెర్లిన్ బూట్లు విప్పించి లోపల కూర్చోబెట్టు. వాడికి ఏమీ చెప్పకు. ఏం వినబడిందో అడిగి, వాడు చెప్పింది చెప్పినట్టే నాకు రాయి. నేను నిన్ను ఏమీ అనను. రాయడం మాత్రం మానకు.

నీ సొల్వే

*

టోర్న్‌బీ
ఏప్రిల్ 20, 1994

సొల్వే,

ఏడు వారాలు రాయలేదు. రోజూ కాగితం తీసి మళ్లీ లోపల పెట్టేవాణ్ణి.

వెర్లిన్ నిన్న కూర్చున్నాడు. చెవులకు తగిలించుకుని ఫార్గో విమానాశ్రయం చెప్పే వాతావరణం విన్నాడు. బొటనవేలు ఎత్తాడు. దిగొచ్చి నా ఎదురుగా నిలబడి, పెదాలు బాగా కదిలిస్తూ అన్నాడు, "పక్కగదిలో మనిషి మాట్లాడినట్టుందిరా. ఈల లేదు, గీల లేదు. నా విమానంలో ఇందులో సగం బాగున్నా చాలు." వాడు అలా పెదాలు కదిలిస్తూ మాట్లాడడం చూసి అర్థమైంది. వాడికి ఎప్పటినుంచో తెలుసు. ఊరందరికీ తెలుసు కాబోలు. నేనే దాచుకున్నాననుకున్నాను.

ఈల నాలోనే ఉంది. నలభై ఏళ్లు ట్రాక్టర్ల పక్కన నిలబడ్డాను, చెవిలో దూది కూడా పెట్టుకోలేదు. మూడేళ్ల నుంచి మాటలు పోతూ వచ్చాయి. ఉరుములు వినబడతాయి, ఇంజన్ వినబడుతుంది, మాట వినబడదు. ఫోన్ ఎత్తితే తేనెటీగల రొద. అందుకే ఉత్తరాలు రాయమన్నాను. ఫోన్ షెడ్డులో లేదన్నది నిజమే, కానీ ఉన్నా ఎత్తేవాణ్ణి కాదు.

కిందటి వైద్య పరీక్షలో డాక్టరు వెనక నిలబడి గుసగుసగా మాటలు చెప్పి, తిరిగి చెప్పమన్నాడు. ఎదురుగా మందుల అల్మారా అద్దం ఉంది. అద్దంలో ఆయన పెదాలు చూసి చెప్పేశాను. "మీ చెవులు కుర్రాళ్ల చెవులండీ" అన్నాడు. అదీ పెదాలు చూసే తెలుసుకున్నాను. ఈ మే నెలలో కూడా అదే చేద్దామనుకున్నాను. ఆ అల్మారా అక్కడే ఉండాలని మొక్కుకున్నాను కూడా. సిగ్గుగా ఉంది.

నిజం చెబితే పత్రం ఇవ్వరు. పత్రం లేకపోతే పదకొండేళ్ల పని షెడ్డులో బొమ్మలా మిగిలిపోతుంది. నాకు చాలా భయంగా ఉంది.

నీ క్యాసెట్‌లో నాకు వినబడిందల్లా నీ గొంతు పైకీ కిందికీ పోవడమే. పాటనుకున్నాను. వెర్లిన్‌కి వినిపించి ఏముందో కనుక్కోవచ్చు. కానీ నాకొక్కడికే చెప్పిందేమోనని వాడికివ్వలేదు. ఏం అడిగావు?

ఆర్విడ్

*

అస్టోరియా
ఏప్రిల్ 28, 1994

అన్నయ్యా,

ముందు తిట్టేస్తాను, తర్వాత మిగతాది. మూడేళ్లు నాకు కూడా చెప్పకుండా దాచావు. నేను నీకు ఈల గురించి పేజీలకు పేజీలు రాస్తుంటే చదువుకుని బుద్ధిగా తీగలు మార్చావు. నువ్వు ఎవరిని మోసం చేశావో నాకు తెలియదు గానీ బెర్నిస్‌ని అన్యాయంగా ఊడదీశావు. తిట్టడం అయిపోయింది.

క్యాసెట్‌లో ఇది అడిగాను. లీలండ్ పోయాక ఈ ఇంట్లో నేను గోడలతో మాట్లాడుతున్నాను. ఇక్కడ ఉండలేకపోతున్నాను. టోర్న్‌బీ వచ్చేస్తాను, మేడ మీద గది నాకిస్తావా అని అడిగాను. అది అడగడానికి నలభై నిమిషాలు పట్టింది. నువ్వేమో పాట బాగుందన్నావు. వద్దని చెప్పడానికి మొహమాటపడి మాట మార్చావనుకున్నాను. జనవరి అంతా ఏడ్చాను. ఆ ఉత్తరం అందుకే అలా రాశాను.

ఇక నీ భయం సంగతి. మా షాపుకి వచ్చేవాళ్లలో ఒకాయన పుట్టుకతోనే చెవిటివాడు. ఆయన విమానం తోలేవాడు. పత్రం మీద ఒక వాక్యం రాసి ఇస్తారు, రేడియో తప్పనిసరైన చోటికి పోకూడదని. మీ వెర్లిన్ విమానం దిగే గడ్డి మైదానంలో రేడియో తప్పనిసరి అని ఎవరన్నారు? అద్దంలో చూడకు. డాక్టరు నోరు విప్పకముందే నువ్వే చెప్పు. వాళ్లు ఒప్పుకోకపోవచ్చు, అది కూడా నీకు చెప్పాలి. కానీ అబద్ధంతో ఎక్కితే ఆ పైన నీకేమీ బాగుండదు. నువ్వు అలాంటివాడివి కాదు.

నీ జవాబు కోసం చూస్తూ ఉంటాను.

నీ సొల్వే

*

టోర్న్‌బీ
జులై 9, 1994

చెల్లీ,

పోయిన ఉత్తరంలో ఒక్క ముక్కే రాశాను, రమ్మని. ఇప్పుడు వివరంగా రాస్తున్నాను.

నీ గదిలో ఎడమ రెక్క అచ్చు ఉంది. పదేళ్ల కింద మేడ మీద చేశాను, మెట్ల మీంచి దిగదని తర్వాత తెలిసింది. రెక్కనైతే కిటికీ ఊడదీసి దింపాం, అచ్చు అక్కడే ఉండిపోయింది. నిన్న వెర్లిన్, నేను దాన్ని కోసి ముక్కలు చేసి దింపాం. వాడు చెమట తుడుచుకుంటూ, "మీ చెల్లెలొస్తే గానీ ఈ ఇల్లు ఇల్లులా ఉండదని ఎన్నేళ్లుగా చెప్తున్నా. నీకు వినబడితేగా" అన్నాడు. నా ముందే నా చెవుల మీద జోకులు వేస్తున్నాడు. నిజం చెప్పాలంటే హాయిగా ఉంది.

డాక్టరుకి చెప్పేశాను. పోయినసారి అద్దం సంగతి కూడా చెప్పాను. ఆయన అల్మారా వైపు చూశాడు, నా వైపు చూశాడు. తర్వాత కాగితాలు పై అధికారులకు పంపాడు. ఆరు వారాలు నిద్ర లేదు. చివరికి ఒక పరీక్షకుడు వచ్చి వెర్లిన్ విమానంలో నా పక్కన కూర్చున్నాడు. పైకి పోయాక చెప్పకుండా ఇంజన్ తగ్గించేశాడు, నాకు తెలుస్తుందో లేదోనని. సీటులో వణుకు మారగానే నా చేయి దానంతటదే విమానం ముక్కు దించింది. దిగాక ఒక చీటీ మీద రాసి ఇచ్చాడు: "వినే వాళ్లలో చాలామంది మీకంటే ఆలస్యంగా తెలుసుకుంటారు." పత్రం వచ్చింది, నువ్వు చెప్పిన వాక్యంతోనే.

రేడియో తీసేద్దామనుకున్నాను. కానీ దానికి మాట్లాడడం వచ్చు కదా. నేను వినలేకపోయినా నువ్వు వినొచ్చు. ఉంచేస్తున్నాను.

ఆగస్టులో విమానం చూడడానికి తనిఖీదారు వస్తాడు. దానికి ముందే నువ్వు రావాలి. నీ చేత్తో ప్రతి తీగా చూస్తే గానీ ఎక్కను.

నీ అన్న,
ఆర్విడ్

*

టోర్న్‌బీ, వంటింటి బల్లకు కిటికీ వైపు చివర
సెప్టెంబరు 11, 1994, పొద్దున్నే

అన్నయ్యా,

ఒకే బల్ల దగ్గర కూర్చుని ఉత్తరాలు రాసుకోవడం చూస్తే బెర్నిస్ ఊరంతా చెబుతుంది. నాకు చెవులున్నాయి, నువ్వు నోటితో మాట్లాడొచ్చు.

ప్రతి తీగా చూశాను. తనిఖీదారు కూడా చూశాడు. ఆ చీటీలు చదివి నవ్వి, పాస్టరు గారిని రెండుసార్లు వెలిగించి, సంతకం పెట్టాడు. ఇక మిగిలింది నువ్వే. మూడు కప్పుల కాఫీ తాగావు. లేస్తావా?

*

అదే బల్ల, పొయ్యి వైపు చివర

సొల్వే,

నేనెంత గట్టిగా అరుస్తున్నానో నాకు తెలియడం లేదు. అందుకే రాస్తున్నాను.

గాలి ఎక్కువగా ఉన్నట్టుంది. రేపు చూద్దామా?

*

కిటికీ వైపు

పోస్టాఫీసు మీద జెండా కర్రకు అంటుకుని ఉంది. చెట్టు మీద ఆకు కదలడం లేదు. పొలాల మీద పొగమంచు లేస్తోంది, ఆ పైన అంతా ఖాళీగా, నీలంగా ఉంది. గాలి లేదు. నీకు భయంగా ఉంది. నాకూ భయంగానే ఉంది. వెర్లిన్ చేతి రేడియో పట్టుకుని మైదానం చివర నిలబడి ఉన్నాడు, వాడి పక్కన నేను ఉంటాను. బూట్లు వేసుకో.

*

పొయ్యి వైపు
అదే రోజు, మధ్యాహ్నం

సొల్వే,

బూట్లు కూడా విప్పకుండా రాస్తున్నాను.

కింద ఉన్నప్పుడు పదకొండేళ్లుగా చూసిన వస్తువే. నేల వదిలాక అది నాది కానట్టు, దానికి ముందే దారి తెలిసినట్టు పోయింది. పొగమంచు మీద మా నీడ పడింది, నీడ చుట్టూ రంగుల వలయం. దుంపల పొలాలు, గాదెలు, చర్చి, అన్నీ చిన్నవైపోయి మెత్తగా కనబడ్డాయి. నది మెలికలు తిరిగి తిరిగి ఎటు పోతోందో దానికే తెలియనట్టుంది. ఇంజన్ మోతలో నా ఈల ఎక్కడో కలిసిపోయింది. మూడేళ్లలో మొదటిసారి నా తల ఖాళీగా ఉంది. దిగాలనిపించలేదు, పెట్రోలు చూసి దిగాను.

నది కనబడగానే బొత్తాం నొక్కి నీకు చెప్పాను. బెర్నిస్, కవలలు పని చేశారా? ఒక్క మాటైనా చేరిందా? వెర్లిన్ని అడిగితే వాడు మొహం అటు తిప్పుకుని లారీ వైపు పోయాడు.

*

కిటికీ వైపు

అన్నయ్యా,

చేరింది. "సొల్వే, నది కనబడుతోంది" అన్నావు. పిసరంత రొద కూడా లేదు. నా జన్మలో అంత శుభ్రమైన రేడియో వినలేదు.

కానీ ఆ తర్వాత నువ్వు బొత్తాం వదల్లేదు.

వదిలాననుకున్నావు. అది విమానం తోలే పిడి మీదే ఉంది కదా, పిడి గట్టిగా పట్టుకున్నావు, బొత్తాం దాంతోపాటు నొక్కుకుపోయింది. చెవులున్నవాడైతే ఎవరూ జవాబు చెప్పడం లేదేమిటని తెలుసుకునేవాడు. నువ్వు ఇరవై రెండు నిమిషాలు మాట్లాడావు. నేను మధ్యలో చెబుదామన్నా దారి లేదు. నువ్వు నొక్కి ఉంచితే ఇంకెవరి మాటా పోదు. వెర్లిన్ విన్నాడు, నేను విన్నాను, ఈ చుట్టుపక్కల రేడియో ఉన్న ప్రతివాడూ విన్నాడు.

ముందు పాడావు. నీకు పాట రాదు. తర్వాత నాన్నతో మాట్లాడావు. తర్వాత చాలాసేపు ఏడ్చావు, అప్పుడే వెర్లిన్ రేడియో నా చేతికిచ్చి మొదటిసారి లారీ దగ్గరికి పోయాడు. చివర్న అన్నావు, "మూడేళ్లు మాటల్లేకుండా బతికాను, దేవుడా, అది పర్వాలేదు. ఆ పిల్ల మేడ మీద నడుస్తుంటే చెక్క నేల కదలడం నా కాళ్లకు తెలుస్తోంది. దాన్ని మళ్లీ ఎక్కడికీ పంపకు."

నేను ఎక్కడికీ పోను.

*

పొయ్యి వైపు

బొత్తాం వదిలాననుకున్నాను.

*

కిటికీ వైపు

తెలుసు. ఇప్పుడు కాగితం పక్కన పెట్టి, దేవుడితో అన్న ఆ మాటే నా మొహం చూసి నోటితో అను. ఎంత గట్టిగా వచ్చినా సరే.